మంచును చదువుట

హిమాలయమున మంచు విరిగిపడి మనుష్యులు మడిసిరని వార్త వచ్చినపుడెల్ల మన యిండ్లలో నొక మాట వినబడును: “అంత కొండ యెక్కుమని వారి నెవరు పోరిరి?” ఆడపిల్లను గూర్చి యైనచో ఆ మాటయే మరింత గట్టిగా బలుకుదురు. మంచు కురియని యీ యార్మూరులో గూర్చుండి దీనిని గూర్చి వ్రాయుటకు గారణము కలదు. 2014 మే 25వ తేదీన టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నధిరోహించిన మాలావత్ పూర్ణ మా నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామపు బాలిక. వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికామె యీడు 13 సంవత్సరముల 11 నెలలు.

ఆమె శిఖరము జేరుటకు నెలకు బైగా ముందు, ఏప్రిల్ 18న, అదే పర్వతమున నేపాళము వైపు ఖుంబూ హిమనది పగిలి ముక్కలైన చోట పెనుమంచుగడ్డ విరిగిపడి 16 మంది పనివారు మరణించిరి. వారు ఇతరుల కొరకు బరువులు మోయువారు, దారి సవరించువారు.

ఆనాడు పడినది గడ్డ. పేరుకొన్న మంచు జారుట వేరొక యపాయము. కురిసిన ప్రతిసారియు మంచు ఒక పొరగా నిలుచును. నిర్మలమగు చలిరాత్రులలో కొన్ని పొరల కణములు పంచదారవలె విడివిడి పలుకులగును. దానిపై గాలి తెచ్చిన క్రొత్తమంచు గట్టి పలకవలె నమరును. పైకి నిశ్చలము, లోపల పట్టు లేదు. 30 మొదలు 45 డిగ్రీల వాలున నొక మనుష్యుని బరువు సోకినను పలక యంతయు నొక్కుమ్మడి జారవచ్చును. పసుపుకొమ్ముల రాశి వాలుపై నిండుగోనె నుంచినచో దీని తీరు తెలియును: గోనె చెడదు, క్రింది కొమ్ములు దొర్లును, గోనె మొత్తము దిగివచ్చును. చిక్కినవారు పెక్కుమార్లు తామే యా జారుటకు గారణమగుదురు. పూడినవానిని తొలి పావుగంటలో త్రవ్వి తీసినచో బ్రదుకుపై నాశ హెచ్చు. ఆపై వేగముగా దరుగును. తోడివాని చేతి పారయే యాతని ప్రాణము.

కావున నిది విధియని యూరకుండదగినది కాదు, నేర్వదగిన విద్య. పూర్ణ భువనగిరి బండపైన, డార్జిలింగునందు, లడఖు చలిలోను శిక్షణ పొందిన పిమ్మటనే బయలుదేరినది. ఆమెను గాచినది గడప కాదు, అభ్యాసము.

అయినను విద్య యొక్కటియే చాలునా? ఆ పదునారుగురు పనిచేసిన మంచును వారికంటె నెరిగినవా రరుదు. కాని “నేడు పోను” అను మాట కూలికి బోవువానికి సులభము కాదు. వారి మరణానంతరము తోటి షెర్పాలు ఆ యేటికి ఆ వైపు పని మానిరి. ఆ మాట వారి నోట వచ్చుటకు పదునారు ప్రాణములు వెలయైనవి.

మన యాడుబిడ్డలకు “పోవలదు” అని చెప్పుటలో మనకు లోపము లేదు. ఎప్పుడు పోరాదో తామే తెలిసికొను చదువును, తెలిసినపుడు వెనుదిరుగు స్వాతంత్ర్యమును, ఈ రెండింటిని వారికిచ్చిన యిండ్లెన్ని? కొండ కైనను, పెండ్లి కైనను, కొలువు కైనను కావలసిన రక్ష యిదియే.