జోమ్‌సోమ్‌లో లైన్ క్లియర్

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వే ఉద్యోగానికి రాయచూరు వచ్చాకే నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

ముక్తినాథ్ యాత్రకు విమానంలో పోతే ఎలా ఉంటుందని గ్రూపులో కొందరు అడిగారు. రిటైరయ్యాక మేము దంపతులం వెళ్లొచ్చాం. అది ఆళ్వార్లు పాడిన సాలగ్రామ క్షేత్రమని మా నాన్నగారు చెప్పేవారు. ఆయన చూడకుండానే పోయారు. ఆయన తరఫున మేము మొక్కుకున్నాం.

పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానంలో 20 నిమిషాలే. కానీ జోమ్‌సోమ్ విమానాశ్రయం కాళీ గండకి లోయలో, దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉంది. లోయకు ఒక పక్క ధవళగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ, రెండూ 8,000 మీటర్లు దాటినవే. 20 మంది ప్రయాణికులు కూడా పట్టని చిన్న విమానం ఆ కొండల మీదుగా కాదు, మధ్యలోంచి పోతుంది. పైలట్‌కు దారి కంటికి కనబడాలి. పొద్దెక్కి పైనున్న నేల వేడెక్కితే కింద నుంచి లోయలోకి గాలి ఈడ్చుకొస్తుంది. అందుకే విమానాలు ఉదయం పూటే నడుస్తాయి.

మేము తెల్లవారుజామున 5 గంటలకే పోఖరాలో కూర్చున్నాం. ఆకాశం తేటగా ఉంది. తొమ్మిదిన్నరకు, జోమ్‌సోమ్‌లో గాలి లేచింది, ఇవాళ ఇక లేదన్నారు. మనవాళ్లు కౌంటర్‌ను చుట్టుముట్టారు. మేమూ గొంతు పెంచాం. చేతిలో ఇంకొక్క రోజే ఉంది, ఆ తర్వాత గోరఖ్‌పూర్‌లో రైలు పట్టుకోవాలి.

కౌంటర్ అబ్బాయి తల వంచుకుని రాసుకుంటున్నాడు. మా ఆవిడ మా చెయ్యి పట్టి లాగింది. "ఊరుకోండి. మామగారి కోసం వచ్చాం గానీ మామగారి దగ్గరికి పోవడానికి కాదు కదా!"

అప్పుడు సిగ్గేసింది. ముందు స్టేషన్ లైన్ క్లియర్ ఇవ్వనిదే మన స్టేషన్‌లో రైలు కదలదు. ఆలస్యమైతే తిట్లు మాత్రం కౌంటర్‌లో ఉన్న మాకు. ఎన్నేళ్లు తిన్నాం ఆ తిట్లు! మరి ఆ అబ్బాయి చేతిలో మాత్రం ఏముంది?

2012 మే 14న జోమ్‌సోమ్ దగ్గర విమానం కొండను తాకి 15 మంది పోయారు. ఎక్కువమంది మన దేశపు యాత్రికులే. 2022 మే 29న ఇదే దారిలో 22 మంది పోయారు. ఇవాళ లేదు అని చెప్పేవాడు మన మేలు కోరేవాడే.

మర్నాడు ఏడింటికే విమానం కదిలింది. దర్శనం దొరికింది. ఆ మధ్యాహ్నం జోమ్‌సోమ్ వీధిలో గాలికి మా ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. ఆ గాలిలో మన విమానం ఉంటే? ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

తిరుగు దారిలో ఆ అబ్బాయికి ఒక మాట చెప్పాలని చూశాం. డ్యూటీ మారింది, కనబడలేదు.

వెళ్లేవాళ్లు రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. గాలి ఆగకపోతే జీపు దారి ఉంది, ఒళ్లు నొప్పులు తప్పవు. రేపు మన యరమరస్‌లో విమానాలు దిగినా కౌంటర్ దగ్గర మాత్రం అరవకండి. అరిచిన మాకు ఆ బాధ ఇంకా ఉంది.