దవావో అవ్వగారి ప్రశ్న

మన పాఠశాలలో పదవ తరగతి వఱకు తెలుగు మాధ్యమమున చదివిన ఒక బాలిక నేడు ఫిలిప్పీన్స్ దేశమున, మిండనావో ద్వీపమందలి దవావో నగరమున వైద్యవిద్య నభ్యసించుచున్నది. తండ్రి మామిడితోటను తాకట్టు పెట్టి ఆమెను పంపెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల నుండి వెళ్లిన తెలుగు విద్యార్థులు ఆ నగరమున అనేకులు కలరు.

నెలకొకసారి ఆమె నాతో ఫోనులో మాటలాడును. తన చదువుకంటె తాను అద్దెకున్న యింటి యజమానురాలిని గూర్చియే ఎక్కువగా చెప్పును. ఆ యజమానురాలు 70 ఏండ్ల వృద్ధురాలు. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. అచ్చట అవ్వను ‘లోలా’ అందురు. మన పిల్ల మాత్రము ‘అవ్వా’ అనియే పిలుచునట. అవ్వగారికి లోకమందలి ప్రతి విషయముపైనను ఒక అభిప్రాయము కలదు. వానిలో కొన్నింటిని మీకు చెప్పెదను. తుదకు వారు నన్నొక ప్రశ్న అడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకే ఈ వ్యాసము.

మొదటి అభిప్రాయము జీప్నీలను గూర్చినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికా సైన్యము విడిచిపోయిన జీపులను ఆ దేశీయులు పొడిగించి, లోపల రెండు ప్రక్కల బల్లలమర్చి, రంగురంగుల బొమ్మలు వేసి, ప్రజలు తిరుగు బండ్లుగా మార్చుకొనిరి. వెనుక కూర్చున్నవాడు తన ఛార్జీ కాసులను ప్రక్కవాని చేతికిచ్చును. అవి చేతులు మాఱి డ్రైవరును చేరును. చిల్లర అదే దారిని వెనుకకు వచ్చును. 2017లో ప్రభుత్వము ఈ పాత బండ్లను తొలగించి క్రొత్తవి తెచ్చు పథకమును ప్రారంభించినది. డ్రైవర్లు పలుమార్లు సమ్మె చేసిరి. అవ్వగారి మాట యిది: “పొగ తగ్గవలసినదే, నా ఊపిరితిత్తులకు ఆ సంగతి తెలియును. కాని క్రొత్త బండి వెల డ్రైవరు జన్మమంతయు తీర్చలేని అప్పు. మంచిపని చేయువారు దాని ఖర్చును బీదవాని నెత్తిన పెట్టి పోరాదు.”

రెండవది వలసను గూర్చినది. విదేశములలో పనిచేయు ఫిలిప్పీన్స్ వారు ఇండ్లకు పంపు సొమ్ము ఏటా 3,000 కోట్ల డాలర్లకు మించుచున్నది. అవ్వగారి కుమార్తెయు గల్ఫు దేశమున నర్సు. కొన్ని మాసముల కొకసారి ఆమె యొద్ద నుండి పెద్ద అట్టపెట్టె యొకటి వచ్చును. అందు సబ్బులు, చాక్లెట్లు, డబ్బాలలోని మాంసము, బట్టలు ఉండును. దానిని ‘బాలిక్‌బాయన్’ పెట్టె యందురు. ‘బాలిక్’ అనగా తిరిగివచ్చుట; ‘బాయన్’ అనగా స్వదేశము. “పేరు తిరిగివచ్చుట, వచ్చునది మాత్రము పెట్టె, పిల్ల కాదు” అని అవ్వగారందురట. మనుమడు అవ్వ దగ్గరనే పెరుగుచున్నాడు. రేపు తనతో తీసికొనిపోవలెనను ఆశతో తల్లి ఫోనులో వానితో ఆంగ్లముననే మాటలాడును. వానికి జ్వరము వచ్చిన దినమున మాత్రము తల్లియు కొడుకును తమ యింటిభాషలోనికి దిగివచ్చెదరట.

ఆ యింటిభాష బిసాయా. సెబువానో అనియు దానికి పేరు. ఆ దేశమున 170కి పైగా భాషలున్నవి. 1937లో మనీలా పరిసరముల భాషయైన తగాలోగును జాతీయభాషకు ఆధారముగా గైకొనిరి. నేటి ఫిలిపినో భాష దాని నుండి ఏర్పడినదే. తగాలోగులో పెద్దలతో మాటలాడునప్పుడు ‘పో’ అను చిన్న మాటను చేర్చుదురు. అది మన ‘అండి’ వంటిది. బిసాయాలో అట్టి మాట లేదు. అందుచేత మనీలావారు కొందఱు తమవారిని మర్యాద తెలియనివారిగా చూతురని అవ్వగారి ఫిర్యాదు. “మర్యాద మాట చివర నుండదు, గొంతులో నుండును” అని వారనిరట.

ఆ మాట విని నేను సిగ్గుపడితిని. నేను రాజమహేంద్రవరమున శిక్షణ పొంది ఈ హోసూరు ప్రాంతమునకు వచ్చితిని. ఇచ్చటి పిల్లలు మన మొరసునాటి తెలుగులో ‘ప్పా’, ‘మ్మా’ అని చేర్చి మాటలాడగా, ‘అండి’ అనవలెనని ఆ తొలి సంవత్సరమున వారిని దిద్దితిని. ఒక బాలుడు నాటి నుండి తరగతిలో నోరు విప్పుటయే మానెను. వానికి తెలుగు నేర్పుచున్నానని నేననుకొంటిని. నిజమునకు వాని తెలుగును నేను మాన్పించితిని.

ఇక మూడవ అభిప్రాయము బడిని గూర్చినది. ఫిలిప్పీన్స్ దేశమున 2012లో మొదట 12 భాషలతోను, పిమ్మట 19 భాషలతోను మాతృభాషా బోధన ఆరంభమయ్యెను. మూడవ తరగతి వఱకు ఇట్లు బోధింపవలెనని 2013లో చట్టము చేసిరి. అవ్వగారు ఆ యేండ్లలో ఒకటవ తరగతికి బిసాయాలో పాఠములు చెప్పిరి. “పుస్తకములు ఆలస్యముగా వచ్చెను. ఒక్క గదిలో మూడు నాలుగు భాషల పిల్లలుండిరి. ఎవరి తల్లిభాషలో చెప్పవలెను? ఈ కష్టములన్నియు నిజమే. కాని ఒకటవ తరగతి పిల్లలు మొదటి దినముననే నన్ను ప్రశ్నలడుగుట నేను అప్పుడే చూచితిని. అంతకుముందు వారు నా వంక చూచి ఊరకుండెడివారు” అని వారు చెప్పిరట.

2024 అక్టోబరున మఱియొక చట్టము వచ్చి ఆ నిర్బంధమును తొలగించినది. బోధన తిరిగి ఫిలిపినో, ఆంగ్ల భాషలకు మరలినది. ప్రాంతీయ భాషలు సహాయకములుగా మిగిలినవి. పిల్లలందఱును ఒకే భాష మాటలాడు తరగతులలో మాత్రము మాతృభాషా బోధనకు వీలుంచిరి, అదియు ఐచ్ఛికముగా. అవ్వగారు చట్టసభను నిందించి ఊరకుండలేదు. “చట్టము వదలుటకు ముందే మేము వదలితిమి. పరుల పిల్లలకు బిసాయా మంచిదని చెప్పు ఉపాధ్యాయులమే, మా పిల్లలను ఆ భాష వినబడని బడులకు పంపితిమి. నేనును పంపితిని. దాని ఫలమును ఇప్పుడు ఫోనులో వినుచున్నాను” అని, వెంటనే మన పిల్లను అడిగిరట: “మీ తెలుగు గురువుగారి బిడ్డలు ఏ బడిలో చదువుచున్నారు?”

మన పిల్ల మిక్కిలి సంకోచముతో ఆ ప్రశ్నను నాకు అందించినది. నేను “సిగ్నలు సరిగా లేదమ్మా” అని ఫోను పెట్టివేసితిని. సిగ్నలు చక్కగానే ఉన్నది.

అవ్వగారూ, నా జవాబిది. నా కుమార్తె పట్టణమున ఆంగ్లమాధ్యమ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్నది. తెలుగు మాటలాడును, చదువలేదు. తండ్రి తెలుగు పండితుడు. కారణములు చెప్పుమన్న చెప్పగలను. ఉద్యోగములు, పైచదువులు, నలుగురు నడచిన దారి. ఇచ్చటి తల్లిదండ్రులు నాకు చెప్పు కారణములే అవి. వారు చెప్పినప్పుడు నేను ఒప్పుకొనలేదు. నాకు నేను చెప్పుకొన్నప్పుడు ఒప్పుకొంటిని. 2006లో మన రాష్ట్రమున తమిళమును బడులలో తప్పనిసరి చేయు చట్టము వచ్చినది. తమిళము ఈ నేల భాష. దానిని నేర్చుట మనకు మేలే. కాని మా తరగతులలో పిల్లలు తగ్గినప్పుడెల్ల నేను ఆ చట్టమును తలచుకొంటిని గాని, నా యింటిని తలచుకొనలేదు.

జీప్నీలో కాసు చేతులు మాఱుచు పోవునని చెప్పితిని గదా. నడుమనున్న ఒక్క చేయి మూసికొన్నచో కాసు డ్రైవరును చేరదు. నా తల్లి నా చేతిలో ఉంచిన తెలుగును మీ బిడ్డలకు అందించి నేను జీతము పుచ్చుకొంటిని. నా బిడ్డకు మాత్రము అందింపక చేయి మూసికొంటిని.

తల్లిదండ్రులారా, ఈ బడిలో మీ బిడ్డను చేర్చుటకు ఎంత ధైర్యము కావలెనో నాకు తెలియును. ఆ ధైర్యము నాకు లేకపోయినది. మీకు నా నమస్కారము. నడి సంవత్సరమున బడి మార్చుట నా కుమార్తెకు అన్యాయమగునని ఆమెను అక్కడనే ఉంచితిని. కాని మూడు మాసములుగా ప్రతి రాత్రియు భోజనము ముగిసిన పిదప మేమిద్దఱమును పలక ముందు పెట్టుకొని కూర్చుండుచున్నాము. పుస్తకపు ‘అండి’ మాత్రమే గాక ‘ప్పా’, ‘మ్మా’ కూడ ఆ పలకపై వ్రాయుచున్నాము.

ఈ వ్యాసపు మొదటి పేరాను నిన్న ఆమెచేత చదివించితిని. వ్రేలు అక్షరముల క్రింద ఉంచి, ఒత్తు వచ్చిన ప్రతిచోట నిలిచి, చదివినది. పావుగంట పట్టినది. రెండవ పేరా నేడు చదువవలెను.