మూత మధ్యలో పెన్ను

సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ జాతీయ రహదారి మీద ఉంటుంది పిట్లం. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. చుట్టూ నల్లరేగడి నేలలు. వరికోతల కాలంలో దుమ్ము, లారీలు లేపే దుమ్ము కలిసి దుకాణాల బల్లల మీద పొరలా పేరుకుంటుంది. ఏ కంపెనీ ల్యాప్‌టాప్ పాడైనా ఊళ్లో జనం ముందుగా పోయేది సెల్ రిపేరు దుకాణానికే. నేను వెళ్లిన దుకాణంలో మనిషి నడుము వెడల్పు బల్ల, దాని మీద అయస్కాంతపు చాప, స్క్రూ డ్రైవర్ల డబ్బా, ఓ బ్లోయర్, పాత టూత్‌బ్రష్‌లు ఉన్నాయి. పదిహేనేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్న యజమాని దగ్గరికి ఈ మధ్య చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా వస్తున్నాయి.

బాసర ట్రిపుల్ ఐటీలో చదివే ఓ అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చింది. ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చింది. మూత తెరిస్తే తెర ఎడమ పక్కన, కింది అంచుకు దగ్గర్లో ఓ చుక్క, అక్కడి నుంచి పైకి పాకిన మూడు గీతలు కనిపించాయి. ఆయన తెర వైపు ఎక్కువసేపు చూడలేదు. కీబోర్డు మీద వేలు పెట్టి, సరిగ్గా ఆ చుక్క వాలే చోట ఉన్న సన్నని నీలం మరక చూపించాడు.

“పెన్ను పెట్టి మూసినవా చెల్లె?”

“సూస్కోలే అన్నా. నోట్స్ రాస్కుంట రాస్కుంట మూసేసిన.”

“ఎన్ని దినాలైతుంది?”

ఆమె వెంటనే జవాబివ్వలేదు. నెల దాటిందని చివరికి చెప్పింది. ఇంట్లో తెలిస్తే నాయన తిడతాడని, కాలేజీలో చెబితే డబ్బు కట్టమంటారని ఆగింది. ఆ నెలలో రోజూ మూత తీసి మూస్తుంటే మొదట చుక్కగా ఉన్నది గీతలైంది.

తెర పగలడానికి కింద పడాల్సిన పనిలేదు. లోపలి గాజు పలకలు మిల్లీమీటరు మందం కూడా ఉండవు. మూత మూస్తే తెరకూ కీబోర్డుకూ మధ్య మిగిలే సందు చాలా తక్కువ. పెన్ను, ఇయర్‌ఫోన్, పెన్‌డ్రైవ్ మూత... ఏది ఇరుక్కున్నా మూసే చేతి బలమంతా ఆ ఒక్క బిందువు మీదే పడుతుంది. కెమెరాకు మూత అంటించి మ్యాక్‌బుక్ మూయొద్దని యాపిల్ 2020లో హెచ్చరించింది. తప్పనిసరైతే అది మామూలు కాగితం మందం, అంటే 0.1 మిల్లీమీటరు, దాటకూడదంది. సందు ఎంత ఇరుకో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ అమ్మాయి చేతిలోని యంత్రానికి ఒక చరిత్ర ఉంది. పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల కోసం 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. జనం ట్రిపుల్ ఐటీ అనేది దీన్నే. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో క్యాంపస్‌లు వచ్చాయి. కృత్రిమ మేధలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి దానికి తొలి చాన్సలర్. విద్యార్థికో ల్యాప్‌టాప్ ఇచ్చి, పాఠాలు దాని మీదే నడపాలన్నది మొదటి నుంచీ ఆ చదువులో భాగం. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండలోనూ వానలోనూ కూర్చుని చేసిన ఆందోళనలో ల్యాప్‌టాప్‌లు కూడా ఒక డిమాండు. ఆ డిసెంబరులో స్నాతకోత్సవానికి వచ్చిన అప్పటి మంత్రి కేటీఆర్ చేతుల మీదుగా వాటిని పంచారు. పిల్లలు అంతగా అడిగి తెచ్చుకున్న వస్తువు పెన్ను కారణంగా మూలపడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ బల్ల మీదికి వచ్చేవాటిలో తెరల తర్వాతి స్థానం హింజ్‌లదీ చార్జర్ పిన్నులదీ. మూతను ఒక మూల పట్టుకుని తెరుస్తూ ఉంటే ఆ వైపు హింజ్ మీద ఒత్తిడి పడి, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ దిమ్మెలు విరుగుతాయి. నడిమధ్య పట్టుకుని తెరిస్తే ఆ బెడద ఉండదు. చార్జర్ వైరును మంచం మీది నుంచి గోడ దాకా వేలాడదీస్తే ఎవరో ఒకరి కాలికి తగులుతుంది. పిన్ను వంకరపోతే ఫరవాలేదు, లోపల బోర్డుకు అతికించిన సాకెట్ ఊడితేనే ఖర్చు. సంచిలో పుస్తకాల మధ్య ల్యాప్‌టాప్ పెట్టి, ఆ సంచి మీద కూర్చున్న పిల్లలూ ఉన్నారు.

ఇక చాయ్. ఆయన ఓ మదర్‌బోర్డును దీపం కింద పెట్టి భూతద్దం నా చేతికిచ్చాడు. ఒక చిప్ కాళ్ల మధ్య ఆకుపచ్చగా, పక్కన తెల్లగా ఏదో పూసినట్టుంది. పాలు, పంచదార ఎండి జిగురైన చోట దుమ్ము అంటుకుంది. తేమకూ కరెంటుకూ మధ్య రాగి తినేసుకుపోయింది. “తడిసినప్పుడే బంద్ చేసి బ్యాటరీ తీసి తెస్తే ఐపీఏ కొట్టి బ్రష్‌తోని కడిగేటోన్ని. ఆరిందని మళ్ల ఆన్ చేసిన్రు. గప్పుడే పోయింది,” అన్నాడు. ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నీళ్లతో కలిసిపోయి, తాను వెంటనే ఆవిరైపోతుంది.

బియ్యంలో పెడితే నీళ్లు పీలుస్తుందన్న నమ్మకం పిట్లంలోనూ గట్టిగానే ఉంది. ఐఫోన్లు తడిస్తే బియ్యం సంచిలో పెట్టొద్దని, సన్నని నూకలు లోపలికి పోయి ఇంకా చెడగొడతాయని యాపిల్ 2024లో విడిగా చెప్పాల్సి వచ్చింది. బియ్యం చేసే అసలు నష్టం వేరే. అందులో ఉంచిన రోజులన్నీ లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. చాయ్ ఒలికితే చార్జర్ పీకి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి, కీబోర్డు కిందికి వచ్చేలా బోర్లించి, అదే రోజు దుకాణానికి తేవాలి. ఇందులో పిల్లలకు చేతకానిది ఏమీ లేదు. ఇంట్లో చెప్పడమే కష్టం.

మండలంలోని ఓ ప్రభుత్వ బడికి కూడా వెళ్లాను. అక్కడ కథ తిరగబడింది. దాతలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు బీరువాలో తాళం వేసి భద్రంగా ఉన్నాయి. గీత పడలేదు, చాయ్ తాకలేదు. లెక్కల టీచర్ ఒకటి తీసి బల్ల మీద పెడితే ఒక పక్క పైకి లేచి ఊగింది. టచ్‌ప్యాడ్ ఉబ్బి, కింద మూత పగుళ్లిచ్చింది. బ్యాటరీ లోపల గ్యాసు చేరిందన్నమాట. అలాంటిదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగు అసలే పెట్టకూడదు. ఇంకో రెండింటికి ఉబ్బు లేదు గానీ చార్జింగు ఎక్కడం లేదు. సున్నాకు దిగిపోయి నెలల తరబడి పడి ఉండటంతో వాటి బ్యాటరీ సెల్‌లు చచ్చిపోయాయి.

వేసవిలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో ఇనప బీరువా లోపలి సంగతి చెప్పనక్కర్లేదు. లిథియం అయాన్ బ్యాటరీల గురించి ఇంజనీర్లు తరచు చూపే ఓ లెక్క ఉంది: 40 శాతం చార్జింగుతో 25 డిగ్రీల వద్ద ఏడాది ఉంచితే సామర్థ్యం 96 శాతం మిగులుతుంది. నిండా చార్జ్ చేసి 40 డిగ్రీల వద్ద ఉంచితే 65 శాతమే. సెలవులకు ముందు ఫుల్ చార్జింగ్ పెట్టి తాళం వేయడం జాగ్రత్తనుకుంటాం. బ్యాటరీకి అదే చేటు.

ఆ తాళానికి కారణం భయం. పోతే ఎవరు కట్టాలి? ఈ ప్రశ్న పిట్లానికే పరిమితం కాదు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ల మీద ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వాటిని ఇంటికి తీసుకెళ్తున్న పిల్లలు సుమారు 40 శాతమే అని తేలింది. పోయినా పాడైనా కొత్తది రాదన్న బెంగతో మిగతావి బడిలోనే ఆగాయి. అవి పిల్లల కోసమనే తయారైన ఎక్స్‌వో అనే యంత్రాలు. నీళ్లు దిగకుండా కీబోర్డు మీద రబ్బరు పొర, పట్టుకోవడానికి పిడి, మడిస్తే యూఎస్‌బీ రంధ్రాలను మూసేసే యాంటెన్నా చెవులు, తిరిగే ఫ్యాను లేదు, హార్డ్ డిస్క్ లేదు. మన దేశంలో మహారాష్ట్రలోని ఖైరాట్ అనే చిన్న ఊళ్లో 2007లో వీటిని మొదటగా పిల్లలకు ఇచ్చారు. అంత గట్టిగా చేసిన యంత్రానికి కూడా పెరూలో భయం తప్పలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు శాంసంగ్ ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టినప్పుడు మూడేళ్ల వారంటీ ఉంటుందని, చెడిపోతే హెడ్‌మాస్టరుకో గ్రామ సచివాలయానికో ఇవ్వవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఆ పథకం మంచిచెడ్డల మీద ఎన్ని వాదాలున్నా, చెడిపోయిన వస్తువును ఎవరికి ఇవ్వాలో పిల్లవాడికి మొదటి రోజే తెలియడం మాత్రం చాలా పెద్ద విషయమని నా అభిప్రాయం.

పిట్లం బడిలోని టీచర్ ఇప్పుడు తాళం తీశారు. ఉబ్బిన బ్యాటరీని దుకాణంలో తీయించేశారు. బాగున్నవాటిని పిల్లలు వారంలో రెండు పూటలు వాడుతున్నారు. గోడకు ఒక నోటుబుక్కు వేలాడుతోంది. అందులో పేరు రాయాల్సిన పని లేదు, ఏమైందో ఎప్పుడైందో రాస్తే చాలు. నేను తిరగేసినప్పుడు “స్పేస్ బటన్ ఊడింది, దొరికింది, డబ్బాల పెట్టినం” అని ఒకరు రాశారు. “మూసే ముందు చెయ్యితోని తుడిచి చూడాలె” అని ఇంకొకరు, కింద గీత కూడా గీసి మరీ రాశారు. సెలవులకు ముందు సగం చార్జింగుకు దించి, తేదీ రాసిన కాగితం అంటించి, రేకుల గది నుంచి స్లాబు గదికి మార్చడం కూడా ఆ పుస్తకంలో వంతులవారీగా ఉంది.

డబ్బు మాటకొస్తే, సమగ్ర శిక్ష కింద బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. వంద దాటి 250 లోపు పిల్లలుంటే 50,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ఇంటర్నెట్, ఆటవస్తువులు, చెడిపోయిన సామాను మార్చడం అన్నీ అందులోనే. ఒక్క తెర మార్చడానికే వేలల్లో అవుతుంది. అందుకే టీచర్ ముందే దుకాణానికి వెళ్లి మాట్లాడుకున్నారు. దుమ్ము తీయడానికి, స్క్రూలు బిగించడానికి యజమాని బడి దగ్గర మజూరీ తీసుకోడు, సామాన్ల ఖర్చు మాత్రం ఇవ్వాలి. వారంటీ ఉన్నదైతే మూత విప్పకుండా కంపెనీకి పంపమంటాడు.

బాసర అమ్మాయి యంత్రానికి కూడా ఆయన ముందు వారంటీ తేదీ చూశాడు. ఇంకా ఉంది. పగిలిన తెరకు సాధారణంగా వారంటీ వర్తించదు, అయినా బయట మూత విప్పితే రేపు మదర్‌బోర్డు పోయినా అడగడానికి ఉండదు. విప్పకుండానే తిరిగి ఇచ్చి, క్యాంపస్‌లో రాసి ఇవ్వమన్నాడు, ఈ సాయంత్రమే నాయనకు చెప్పమన్నాడు. అంతదాకా మూత మూయకుండా తెరిచే ఉంచాలని, అవసరమైతే బయటి మానిటర్‌కు హెచ్‌డీఎంఐ వైరు పెట్టి రాసుకోవచ్చని చెప్పి, వైరు కొనకముందే తన దగ్గరున్నదాన్ని పెట్టి చూపించాడు. పని చేస్తోంది.