అరలో మిగిలిన పుస్తకం

పుస్తకం హస్తభూషణమని మన పెద్దలు అన్నారు. ఆ మాటకు నేను చాలాకాలం ఒక నియమాన్ని జోడించుకొని బ్రతికాను. చేతిలోని పుస్తకం కావ్యమో, ప్రబంధమో, వాటికి వ్రాసిన వ్యాఖ్యానమో అయి ఉండాలి. పింగళి సూరన కళాపూర్ణోదయం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందినవాణ్ణి. తక్కిన చదువంతా కాలక్షేపమేనని గట్టిగా నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం ఎంత సంకుచితమైనదో నాకు మూడు పుస్తకాలు తెలియజేశాయి. వాటిలో మొదటిదాన్ని నేను కొనలేదు. ఒక విద్యార్థి చేతిలోనుండి లాక్కున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులవి. ఒక మధ్యాహ్నం ప్రథమ సంవత్సరం తరగతిలో పద్యభాగం బోధిస్తున్నాను. చివరి బల్ల మీద ఒక కుర్రవాడు తెలుగు వాచకం మధ్యలో మరో సన్నని పుస్తకం పెట్టుకొని తలవంచి చదువుకొంటున్నాడు. దగ్గరకు వెళ్ళి తీసి చూశాను. హెచ్.జి.వెల్స్ వ్రాసిన 'ది టైమ్ మెషిన్'. "యంత్రమెక్కి కాలంలో తిరగడమా! ఈ కట్టుకథలు చదివితే మార్కులు వస్తాయటరా?" అని అందరి ముందూ ఎగతాళి చేశాను. తరగతి గొల్లున నవ్వింది. "సార్, ఇందులో ఒక ప్రశ్న ఉందండీ..." అని అతడేదో చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. పరీక్షలయ్యాక వచ్చి తీసుకొమ్మన్నాను. అతడు రాలేదు. మరుసటి ఏడు వేరే ఊరి కళాశాలలో చేరాడని విన్నాను. పుస్తకం మా ఇంటి బీరువా అడుగు అరలో ఉండిపోయింది.

ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక, ఇల్లు మారుతున్నప్పుడు అది మళ్ళీ నా చేతికి వచ్చింది. మొదటి పుటలో అతని పేరు, క్రింద 'ఎం.పి.సి.' అన్న అక్షరాలు ఉన్నాయి. సామాను సర్దడం మాని అక్కడే నేలమీద కూర్చొని చదవడం మొదలుపెట్టాను. ఒక పుట అంచున పెన్సిలుతో తెలుగులో ఇలా వ్రాసి ఉంది: "ఇది ఇలా జరగకుండా ఎవరూ ఆపలేరా?" ఆనాడు అతడు నాకు చెప్పబోయిన ప్రశ్న అదే అయి ఉండాలి.

1895లో వెలువడిన ఆ నవలలో కథానాయకుడికి పేరు లేదు. తాను నిర్మించిన యంత్రమెక్కి అతడు 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. అప్పటికి మానవజాతి రెండుగా చీలిపోయి ఉంటుంది. నేలపైన సుకుమారులైన ఎలోయిలు పనిపాటలు లేకుండా పండ్లు తింటూ ఆడుకొంటారు. నేల క్రింది చీకటిలో మార్లాకులు యంత్రాలు నడుపుతారు. రాత్రివేళ పైకి వచ్చి ఎలోయిలను పట్టుకొనిపోయి తింటారు. ఒకప్పటి ధనికుల సంతతి ఒకటి, శ్రామికుల సంతతి మరొకటి అని ఆ ప్రయాణికుడు ఊహిస్తాడు. కర్మాగారాలతో, మురికివాడలతో నిండిన తన కాలపు ఇంగ్లండును వెల్స్ ఎనిమిది లక్షల ఏళ్ళ దూరంలో నిలబెట్టి చూపాడు.

చదువుతున్నంతసేపూ నాకు సూరన గుర్తుకు వస్తూనే ఉన్నాడు. కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. అది అప్పటికి జరగని కథ. పిదప భూలోకంలో జరుగుతుంది. జరగబోయేదాన్ని కథగా ముందే వినిపించే ఆ నేర్పును మెచ్చుకొంటూ నా పరిశోధనలో ఎన్నో పుటలు నింపాను. అటువంటి నేర్పే ఒక కుర్రవాడి చేతిలోని పుస్తకంలో కనబడితే కట్టుకథ అన్నాను. మనవారు అన్నీ ముందే చెప్పారని సంబరపడడానికి ఈ పోలిక తేవడం లేదు. రెండింటికీ పెద్ద భేదం ఉంది. బ్రహ్మ చెప్పిన కథ జరిగి తీరుతుంది. వెల్స్ చెప్పిన కథ జరగకూడదని చెప్పిన కథ. అందుకే పుట అంచున ఆ పెన్సిలు ప్రశ్న పుట్టింది. విజ్ఞాన కల్పనా సాహిత్యానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉందని నాకిప్పుడు తోస్తుంది.

నా చేతిలో ఆ పుస్తకాన్ని చూసి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. తాను చదివిన మరో రెండు పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. "నాన్నగారూ, చిన్నప్పుడు మీరు దాచేసిన బ్రిక్ గేమ్ గుర్తుందా? దాని పుట్టుక ఇందులో ఉంది" అంటూ మొదట డాన్ ఏకర్‌మన్ వ్రాసిన 'ది టెట్రిస్ ఎఫెక్ట్' నా ముందుంచింది. ఆటకు చరిత్రేమిటన్న చిన్నచూపుతోనే దాన్ని తెరిచాను.

1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ ఈ ఆటను కల్పించాడు. అతని ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు చూపే శక్తి లేదు. అందుచేత కుండలీకరణ చిహ్నాలనే జతచేసి ఇటుకలుగా పేర్చాడు. తరువాత ఆ ఆటను ఐ.బి.ఎం. కంప్యూటరుకు అనువుగా మార్చడంలో తోడ్పడినవాడు వదీమ్ గెరాసిమోవ్. అప్పటికి అతని వయస్సు 16 ఏళ్ళు. అంటే మీ ఈడువాడే. 1989లో గేమ్ బాయ్ పరికరంతో ఆ ఆట దేశదేశాలకూ ప్రాకింది. దాని హక్కులు సోవియట్ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండడం వలన, కల్పించినవాడికి 1996 వరకు దానిమీద రాబడి హక్కు దక్కలేదు.

నాలుగేసి చదరాలతో ఏర్పడిన ఏడు ఆకారాలు ఒకదాని తరువాత ఒకటి దిగుతుంటే సందు లేకుండా అమర్చడమే ఆ ఆట. నాకు ఛందస్సు తలపునకు వచ్చింది. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా ఒదగాలి. పదవ అక్షరం దగ్గర యతి కుదరాలి. ఇరుకైన నియమంలో మనస్సు చురుకెక్కడం రెండుచోట్లా ఒకటే. అయితే కుదిరిన పద్యం నిలిచిపోతుంది. కుదిరిన వరుస మాయమవుతుంది. ఆటకు హద్దు పెట్టుకోవాలని చెప్పడానికి ఈ భేదం చాలు. కాని ఆటను నిర్మించినవాడి బుద్ధిని తక్కువ చేయడానికి అది చాలదు.

మూడవది జాన్ కారీరూ వ్రాసిన 'బ్యాడ్ బ్లడ్'. 2018లో వెలువడింది. ఇది పరిశోధనాత్మక రచన. ఇందులో కల్పన లేదు. ఎలిజబెత్ హోమ్స్ 19 ఏళ్ళ వయస్సులో, 2003లో అమెరికాలో థెరనోస్ అనే సంస్థను స్థాపించింది. వేలి చివరనుండి తీసిన కొద్ది చుక్కల రక్తంతో ఎన్నో పరీక్షలు చేయగలమని ప్రకటించింది. ఆ సంస్థ విలువను ఒక దశలో 900 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు. నిజానికి వారి యంత్రం చేయగలిగినవి కొద్ది పరీక్షలే. చాలా పరీక్షలను ఇతర కంపెనీల యంత్రాలమీద చేసేవారు. రోగులకు తప్పు ఫలితాలు అందాయి. 2015 అక్టోబరులో కారీరూ పత్రికలో వ్రాసిన కథనంతో గుట్టు రట్టయింది. 2018లో సంస్థ మూతపడింది. 2022లో న్యాయస్థానం హోమ్స్‌కు 11 ఏళ్ళకు పైగా కారాగార శిక్ష విధించింది.

ఆ రచయితకు నిజం చెప్పినవారిలో ఇద్దరు అప్పుడే చదువు ముగించిన యువ ఉద్యోగులు, టైలర్ షుల్జ్, ఎరికా చుంగ్. టైలర్ తాతగారు జార్జ్ షుల్జ్ అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసిన మేధావి. ఆ సంస్థ పాలకమండలిలో సభ్యుడు. లోపలి లోపాలను మనుమడు వివరిస్తే ఆయన నమ్మలేదు. అక్కడ చదవడం ఆపి పుస్తకం మూసేశాను. ఎంత అనుభవజ్ఞుడు! ఎదుట నిలిచి మాట్లాడుతున్న పిల్లవాడి మాట ఎందుకు చెవికెక్కలేదు? ఆయనను తప్పుపట్టబోయి ఆగిపోయాను. "సార్, ఇందులో ఒక ప్రశ్న ఉందండీ" అన్న గొంతు నాకు వినిపించింది.

'ఎవరూ ఆపలేరా?' అన్న ప్రశ్నకు ఈ మూడవ పుస్తకంలో జవాబు దొరికింది. చూసినదాన్ని చూసినట్లు చెప్పేవారు ఇద్దరున్నా, విని, సాక్ష్యాలు సేకరించి వ్రాసేవాడు ఒకడున్నా ఆపవచ్చు. ఆ జవాబు చెప్పడానికి ఆ విద్యార్థి కోసం పాత రిజిస్టర్లలో వెదికాను, తెలిసినవారిని విచారించాను. ఆచూకీ దొరకలేదు. పుస్తకం ఇప్పుడు అడుగు అరలో లేదు, నా బల్లమీద ఉంది.

విద్యార్థులారా! ప్రాచీన కావ్యాలను చదవండి. అవి మన సంపద. వాటితోపాటు రేపటిని ఊహించే కథనూ, మీరు ఆడే ఆట వెనుక చరిత్రనూ, అబద్ధాన్ని వెలికితీసే రచననూ చదవండి. చదివినచోట సందేహం కలిగితే పుట అంచున వ్రాసుకోండి. గురువు ఎదుటనైనా వినయంతో అడగండి. ఈమధ్య నా తరగతిలో ఎవరైనా వాచకం చాటున మరో పుస్తకం చదువుతూ కనిపిస్తే నేను లాక్కోవడం లేదు. పాఠం ముగిశాక దగ్గరకు పిలిచి, "అందులో ఏముందో నాకూ చెప్పు బాబూ" అని అడుగుతున్నాను.