రంగు కింద ఏముంది?

గండిమైసమ్మలోని మా ఇంటి వాకిట్లో, రేకుల నీడన, నాన్నగారి యెజ్డీ 12 ఏళ్ళు కదలకుండా నిలిచి ఉంది. జీడిమెట్ల కార్ఖానాకు ఆయన దానిమీదే వెళ్ళేవారు. పండుగనాడు ఈద్‌గాహ్‌కు బయలుదేరితే మా అన్నదమ్ములలో ఒకరు ట్యాంకుమీద, ఒకరు వెనుక. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961లో జావా మోటారు సైకిళ్ళతో మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు చేసి, 1996లో మూతపడింది. కిక్ కొట్టే కడ్డీయే గేరు మార్చే కడ్డీ కూడా కావడం చిన్నతనంలో మాకొక వింత.

నాన్నగారు పోయాక, అమ్మ రెండో కంటి ఆపరేషన్ కోసం ఆ బండిని బాగుచేసి అమ్మాలనుకున్నాము. "లప్పం పెట్టి రంగు కొడితే రెండు రోజుల్లో కొత్త బండి" అన్నాడు ఒక మేస్త్రీ. ఖర్చు తగ్గుతుందని మేమే పూనుకున్నాము.

సీటు కింద ఛాసిస్ గొట్టాన్ని గీకుతుండగా గోరు మందం లప్పం ఊడిపడింది. దాని వెనుక చిటికెన వేలు పట్టేంత రంధ్రం! నాన్నగారు డబ్బిచ్చి మరమ్మతు చేయించిన చోటే అది. ఎవరో తుప్పును కప్పి పంపారు. దానిమీదే మేము పండుగలకు తిరిగాము.

తుప్పు రంగుతో ఆగదు. అది తేమను పట్టి ఉంచుకుని లోలోపల ఇనుమును తింటూనే ఉంటుంది. అందుకే మెరిసే లోహం కనబడేదాకా గీకాలి. గుంతలలో మిగిలిన తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రవం ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. తరువాత కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే ప్రైమరు వేయాలి. వానాకాలపు గాలిలో ఒక్క రాత్రి వదిలినా మళ్ళీ ఎర్రబడుతుంది. లప్పం సొట్టను పూడ్చగలదు గాని బలాన్ని ఇవ్వలేదు. పెట్రోలు ట్యాంకు జోలికి మాత్రం మేము పోలేదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి వెల్డింగు నిప్పు తగిలితే పేలిపోగలదు. దానిని తెలిసిన పనివానికే అప్పగించాము.

"మళ్ళీ కప్పేద్దాం. కొనేవాడికేం తెలుస్తుంది?" అన్నది మాలో ఒకరి మాట. రెండోవారం కాదనలేకపోయాము. అమ్మ వచ్చి, మసక చూపుతో వెతికి, ఆ రంధ్రంలో వేలు పెట్టింది.

"మీ నాన్నకూ తెలియలేదు కదరా!"

అంతే. చెడిన ముక్కను కోయించి, లోపల గొట్టం తొడిగించి, వెల్డింగు చేయించాము. చేతిలోని డబ్బు దానికే సరిపోయింది. అమ్మ ఆపరేషన్ ఒక నెల వెనక్కి జరిగింది. ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బండి అంతటికీ రంగు వేసినా, ఆ అతుకు చుట్టూ జానెడు మేర ప్రైమరుతోనే వదిలాము. కొనవచ్చిన యువకునికి సీటు ఎత్తి ముందుగా అదే చూపించాము. అతడు ధర తగ్గించమన్నాడు, తగ్గించాము.

వెళ్ళేటప్పుడు తన చిన్న పాపను ట్యాంకుమీద కూర్చోబెట్టుకున్నాడు. బండి చప్పుడు చౌరస్తా వైపు సన్నగిల్లేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది.