రెడ్ హెలెన్

కొడగులో కాఫీ తోటలు దాటి అడవిలోకి దిగే బాట. వాన వెలిసిన మధ్యాహ్నం. ఆ సీతాకోక అరచేయంత ఉంది. నల్లటి రెక్కలు, వెనక రెక్క మీద మీగడ రంగు మచ్చ, చివర చిన్న తోక. ఆ నీడలో ఎగురుతుంటే నలుపు కళ్ళకి ఆనదు, మచ్చ ఒక్కటే చెట్ల మధ్య వెలిగి ఆరుతున్నట్టుంటుంది. వచ్చి బురద మీద వాలి, రెక్కలాడిస్తూనే తాగడం మొదలుపెట్టింది. మగదే అయ్యుంటుంది. బురద దగ్గర చేరేవి ఎక్కువగా మగవే, ఉప్పు కోసం. పూలతేనెలో తీపి ఉంటుంది గానీ ఉప్పు పెద్దగా ఉండదు మరి.

"రెడ్ హెలెన్" అన్నాడు దారి చూపించే కుర్రాడు. ఎరుపేదీ అనడిగాను. రెక్కల అడుగున, అంచు వెంబడి నెలవంకల్లా ఉంటుందట.

హెలెన్ అంటే ట్రాయ్ కథలో అందగత్తె అనుకున్నా. రాత్రి ఫోన్లో వెతికితే తెలిసింది, 1758లో లినేయస్ పెట్టిన పేరు పాపిలియో హెలెనస్ అని. హెలెనస్ మగవాడు. ట్రాయ్ రాజు ప్రియామ్ కొడుకు, జోస్యం చెప్పేవాడు. ఊరు తగలబడ్డాక బతికి మిగిలాడు. వర్జిల్ 'ఈనీడ్'లో మళ్ళీ కనిపిస్తాడు, పరాయి దేశంలో చిన్న ట్రాయ్ కట్టుకుని. కోట గుమ్మానికి పాత పేరే. ఎండిపోయిన వాగుకి కూడా అక్కడి నది పేరే. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

మా జేజి వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. తర్వాత కట్టుకున్న కాలనీకి పాత పేరే, ముందు 'కొత్త' అని చేర్చి. అక్కడ ఏరు లేదు, ఒక బోరింగు ఉండేది. జేజి చంకలో బిందె పెట్టుకుని "యేటికి పోయొస్తా" అనేది. "యేరు కాదు జేజీ, బోరింగు" అని దిద్దేవాణ్ణి. ప్రతిసారీ. బడికి పోతున్నా కదా, తప్పులు బాగా కనబడేవి. ఆమె ఏమీ అనేది కాదు, బిందె సర్దుకుని వెళ్ళిపోయేది.

ఆ రాత్రే కుర్రాడు ఫోటోలు పంపాడు, కింద 'రెడ్ హెలెన్' అని రాసి. 'హెలెన్ కాదు, హెలెనస్' అని టైప్ చేశాను. కాసేపు చూసి, చెరిపేశాను.