జిద్దా ఆరు గంటలు, గూడెం ఒక రాత్రి

మేమిద్దరం అన్నదమ్ములం. ఉట్నూరు దగ్గరి గోండు గూడెం నుంచి చదువు కోసం హైదరాబాద్ వచ్చి, పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక గదిలో అద్దెకుండేవాళ్లం. కింది ఇంటి ఖాలా కొడుకు జిద్దాలో డ్రైవర్. ఆమె మనవడికి సాయంత్రాలు లెక్కలు చెప్పేవాళ్లం.

తండ్రి సెలవు అయిపోయి తిరిగి వెళ్తుంటే ఆ పిల్లాడు టికెట్ తెచ్చి చూపించాడు. "పొద్దున 8 గంటలకు ఎక్కితే 11:30కే దిగుతాడంట. జిద్దా మూడున్నర గంటలేనా, భయ్యా?"

మాకూ వెంటనే తోచలేదు. తర్వాత గుర్తొచ్చింది, జిద్దా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అది కలిపితే ప్రయాణం 6 గంటలు. పిల్లాడి గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి కొలిచాం. సుమారు 4,100 కిలోమీటర్లు. విమానం ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు ఇంకొంచెం తొందరగా వస్తాడని చెప్పాం. వాడు సంతోషపడ్డాడు.

ఆ రాత్రి మా ఊరి లెక్కా వేసుకున్నాం. హైదరాబాద్ నుంచి ఉట్నూరుకు నేరుగా గీత గీస్తే 225 కిలోమీటర్లు. రోడ్డు మీద సుమారు 300. విమానానికి అది పావుగంట పని. మాకు ఒక రాత్రి.

కొన్నాళ్లకు ఖాలా భర్త చనిపోయాడు. కొడుకుది ఆరు గంటల దారే. కానీ యజమాని ఒప్పుకోవాలి, రానుపోను వీసా చేతికి రావాలి, టికెట్ డబ్బులు జమ కావాలి. అతను నలభయ్యో రోజు ఫాతిహాకు వచ్చాడు.

ఆ మరుసటి వానాకాలం మా నాయనమ్మ పోయిందని సాయంత్రం ఫోన్ వచ్చింది. ఇమ్లీబన్‌లో రాత్రి బస్సెక్కాం. తెల్లారి ఉట్నూరులో దిగి ఆటోలో వాగు దాకా పోయాం. వాగు రోడ్డు మీదుగా పారుతోంది. అవతలి ఒడ్డున మావాళ్లు కనబడుతున్నారు, కేకేస్తే వినబడుతోంది. పొద్దు వాలేదాకా అక్కడే నిలబడ్డాం. దాటేసరికి మట్టి చేయడం అయిపోయింది.

తిరిగొచ్చాక ఖాలా చాయ్ ఇచ్చి అడిగింది. "మీ ఊరు అంత దూరమా, బేటా?"

"మూడు వందల కిలోమీటర్లే, ఖాలా."

ఆమె ఇంకేమీ అనలేదు. మా పక్కన కూర్చుంది.

ఇప్పుడు మేమూ బడిలో పాఠం చెబుతున్నాం. దూరం, వేగం, కాలం లెక్క వచ్చినప్పుడు జిద్దా లెక్కతో మొదలుపెడతాం. అది అయ్యాక పిల్లలతో సొంత లెక్క రాయిస్తాం. మీ గూడెం నుంచి ఆస్పత్రికి ఎన్ని కిలోమీటర్లు? ఎండాకాలం ఎంతసేపు? వానాకాలం ఎంతసేపు? మధ్యలో ఏం ఆపుతుంది? చివరి ప్రశ్నకు ఒకమ్మాయి ఒక్క మాటే రాసింది: వంతెన లేదు.

ఆ జవాబుకు పూర్తి మార్కులు వేశాం.